కార్డు అడుగున ఉన్న మాట

నాకు ఆ ఉద్యోగం చేతిరాత వల్ల వచ్చింది. అంతకు మించి నాకు అర్హత ఏదీ లేదని మా ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఎస్సెస్సెల్సీ రెండోసారికి గట్టెక్కాను. నాన్నతో పొలానికి పోతే నేను మడవ కట్టిన చోటే మడవ తెగేది. యాభైల చివర్లో మా ఊరి గ్రంథాలయాన్ని జిల్లావాళ్ళు తమ కిందికి తీసుకుని, కార్డులు రాయడానికి గుండ్రటి దస్తూరీ ఉన్న మనిషి కావాలన్నారు. మా నాన్న ఊపిరి పీల్చుకుని నన్ను వాళ్ళకు అప్పజెప్పాడు. జీతం తక్కువ, పైగా తాత్కాలికం. ఆ తాత్కాలికం అన్న మాట తర్వాత చాలా చేటు చేసింది.

మా ఊరు విడవలూరుకు తూర్పున, సముద్రానికి మైలున్నర ఇవతల. ఇవతల మాగాణి ఉన్న రైతులం. సరుగుడు తోపు దాటితే ఇసుకలో చేపలు పట్టేవాళ్ళ పాలెం. గ్రంథాలయం ఊరి వైపు కొసన, పెంకుల కప్పు ఉన్న ఒకే ఒక గది. మూడు బీరువాలు, రెండు బల్లలు, ఎనిమిది సొరుగులున్న కేటలాగు పెట్టె. ఒక్కో పుస్తకానికి మూడేసి కార్డులు: రాసినవారి పేరు మీద ఒకటి, పుస్తకం పేరు మీద ఒకటి, విషయాన్ని బట్టి ఒకటి. ప్రతి కార్డుకూ అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. ఎవరూ కార్డు ఊడబెరికి పట్టుకుపోకుండా ఆ బెజ్జాల గుండా సొరుగు పొడవునా ఒక ఇనుప కడ్డీ. ఉప్పుగాలికి ఆ కడ్డీలు తుప్పుపట్టి, తీసిన ప్రతిసారీ నా వేళ్ళు ఎర్రబడేవి.

ఈ గ్రంథాలయం పెట్టిందీ, మొదటి కార్డులు రాసిందీ మా ఊరి బడిలో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన. ఊరూ పాలెమూ అందరూ పెద్దయ్యోరు అనేవారు. పాలెంలో ఆయన సాయంకాలాలు పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పేవాడు. మా వాళ్ళకది నచ్చేది కాదు కానీ, ఊళ్ళో సగం మందిని బెంచీ ఎక్కించిన మనిషి కాబట్టి ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గ్రంథాలయం పెట్టేటప్పుడు ఊళ్ళో తలా నాలుగు పుస్తకాలు ఇచ్చారు, అవీ అట్టలూడినవి. పాలెం పెద్దలు మాత్రం కూర్చుని కట్టడి చేసుకున్నారు. ఒకరోజు వేటలో ఏ పడవకు ఏం పడితే అది మొత్తం పుస్తకాలకే అన్నారు. ఆ రోజు వల నిండుగా వచ్చిందట. పెద్దయ్యోరు నెల్లూరు పోయి రెండు వందల పైచిలుకు పుస్తకాలు గోతాల్లో వేసుకుని బస్సు నెత్తిన ఎక్కించి తెచ్చాడు. మా బీరువాల్లో అట్టలు సరిగ్గా ఉన్న పుస్తకాలన్నీ పాలెంవే.

గ్రంథాలయంలో పుస్తకం ఇంటికి తీసుకుపోవాలంటే పన్ను కట్టే ఆసామి ఒకరు జామీను సంతకం పెట్టాలి. పాలెం గుడిసెలు పోరంబోకు ఇసుకలో ఉన్నాయి, వాళ్ళకు పన్నూ లేదు పట్టా లేదు. అందుకని పుస్తకాలు ఇచ్చేటప్పుడే పాలెం పెద్దలు ఒక షరతు పెట్టారు, పెద్దయ్యోరు ఒప్పుకున్నాడు. ఆ షరతునే పాలెం పుస్తకాల కార్డులన్నిటి మీదా, బెజ్జానికి కాస్త పైన, ఎర్రసిరాతో రాశాడు: "పాలెంవారి పుస్తకం. పాలెంవారికి జామీను లేదు." రిజిస్టర్లు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు, కార్డయితే అందరి కళ్ళ ముందూ ఉంటుందనేవాడట. పాలెంలో అక్షరం రానివాళ్ళు కూడా సొరుగు లాగి, ఆ ఎర్ర వరస వేలుతో చూపించి, "ఇది మా మాట" అని చెప్పుకునేవాళ్ళు. నేను చేరిన రెండో ఏడు పెద్దయ్యోరు పోయాడు.

పాలెం నుంచి ముప్పై ఒక్కమంది సభ్యులుండేవారు. ప్రతి ఆదివారం తప్పకుండా వచ్చేవాడు మాత్రం ఒక్కడే. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఎండకూ ఉప్పుకూ వీపు పొట్టు రేగిన మనిషి. పెద్దయ్యోరి దగ్గర ముప్పయ్యో ఏట అక్షరాలు దిద్దాడు. నన్ను అయ్యోరా అని, మీరు అని పిలిచేవాడు. నేను పన్నెండేళ్ళు చిన్నవాణ్ణయ్యుండీ అతన్ని నువ్వు అనేవాణ్ణి. అప్పుడది నాకు వింతగా తోచలేదు.

అతను తీసుకుపోయే పుస్తకం అతనొక్కడికే కాదు. మధ్యాహ్నాలు పాలెంలో వలలు బాగుచేసుకునే పందిరి కింద పైకి చదివేవాడు. మగవాళ్ళు వల అల్లుతూ, ఆడవాళ్ళు ఎండుచేపలు ఏరుతూ వినేవాళ్ళు. చదివేవాడు వల పని చేయనక్కర్లేదని అతనికి మినహాయింపు కూడా ఇచ్చారట. అతని మేనత్త ఒకామె కథలతో ఊరికే ఊరుకునేది కాదు, నాకు కబుర్లు పంపేది.

"అయ్యోరా, పోయినసారి ఇచ్చిన బుక్కులో ఆ పిల్ల మళ్ళా మొగుడి కాడికే పోయిందంట గదా. మా అత్త ఒప్పుకోలా. 'అదేం పోయేకాలం దానికి, ఇంకో మాదిరి బుక్కు తీసకరా' అనింది."

"మీ అత్త ఒప్పుకునే పుస్తకం ఇంకా అచ్చు కాలేదని చెప్పు."

"నేనూ అదే జెప్పినా. నువ్వు సరింగా చదివిండవు, అక్కడ పోలేదనే ఉంటాదని నన్నే తిట్టింది."

ఇలాంటివి చెప్పి పకపకా నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. పాలెం మా ఊరికి మైలున్నర దూరం. ఆ చదువు వినడానికి నేను ఒక్కసారి కూడా పోలేదు. రమ్మని అతను నాలుగైదు సార్లయినా పిలిచి ఉంటాడు.

అరవైల మొదట్లో జిల్లా ఆఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. అన్ని శాఖల్లోనూ కార్డులు ఒకే తీరుగా ఉండాలి. పాత వర్గ సంఖ్యలు కొట్టి కొత్తవి వేయాలి. నిర్ణయించిన వివరాలు తప్ప కార్డు మీద మరే వ్యాఖ్యా ఉండరాదు. మూడు నెలల్లో ఇన్‌స్పెక్షను. దాని కిందే, నన్ను ఉద్దేశించి, పని సంతృప్తికరంగా ఉంటే పోస్టు ఖాయం చేసే విషయం పరిశీలిస్తామని ఒక ముక్క ఉంది. నేను ఆ ఒక్క ముక్కనే పదిసార్లు చదువుకున్నాను. నాకు పెళ్ళి సంబంధాలు వస్తున్న రోజులు, వచ్చినవాళ్ళంతా తాత్కాలికం అనగానే చెంబు కింద పెట్టి లేచిపోతున్న రోజులు.

మూడు నెలల్లో ఆరువేల కార్డులు. కార్డు తర్వాత కార్డు తీసి, నంబరు మార్చి, వ్యాఖ్య గీకి, మళ్ళీ పెడుతూ పోతే ఏడాదైనా తెమలదు. రెండు రోజులు అలా చేసి, మూడోరోజు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. నా జీవితంలో వచ్చిన తెలివైన ఆలోచన అదొక్కటే, అది రాకపోయినా బాగుండేది. కార్డు మొత్తం చూడనక్కర్లేదు, ఒక్కో రకం మార్పును అన్ని కార్డులకూ ఒక్కసారే చేసుకుపోవచ్చు. కడ్డీ లాగేసి యాభై కార్డులు తీసి, అడుగు వరస మాత్రం కనపడేట్టు ఒకదాని మీద ఒకటి పైకి జరిపి పరిచేవాణ్ణి, కప్పుకు పెంకులు పేర్చినట్టు. అప్పుడు పుస్తకం పేరు కనపడదు, రాసినవాడూ కనపడడు. కనపడేది గీకవలసిన వరస ఒక్కటే. బ్లేడు పట్టుకుని పై నుంచి కిందికి వస్తే యాభై కార్డులు గంటలో అయిపోయేవి.

గీకిన చోట కాగితం లేచి గరుకుగా అవుతుంది, అలాగే వదిలితే అసహ్యంగా ఉంటుంది. దానికీ మందు దొరికింది. ఒక రకం చేప లోపల తెల్లటి మెత్తని పెంకు ఉంటుంది, నాటువైద్యులు సముద్రపు నురుగు అంటారు. దాన్ని పొడి చేసి రుద్దితే కాగితం మళ్ళీ నున్నగా అవుతుంది, సిరా పెట్టినా పాకదు. ఆ పెంకులు కావాలని నేను అతన్నే అడిగాను. ఎందుకని అతను అడగలేదు. ఆ పై ఆదివారం తువ్వాల నిండా ఏరుకొచ్చి బల్ల మీద పోశాడు.

పాలెం పుస్తకాల కార్డులు మొదటిసారి బల్ల మీద పరిచిన రోజు నాకు బాగా గుర్తుంది. యాభై ఎర్ర వరసలు, పెద్దయ్యోరి రాత, ఒకే మాట యాభైసార్లు. బ్లేడు ఆగింది. ఆగలేదని చెప్పుకుంటే నాకే సిగ్గుచేటు. ఇది గీకేస్తే ఎలా అని నాకు తోచింది. వెంటనే, స్టాకు రిజిస్టర్లో ఉండి ఉంటుందిలే అని కూడా తోచింది. దానాలు వచ్చినప్పుడు షరతులు రిజిస్టర్లో రాసుకోవడం పద్ధతి. పెద్దయ్యోరంతటి మనిషి రాయకుండా ఉంటాడా? ఆ రిజిస్టరు నా వెనక బీరువాలో ఉంది. ఆ బీరువా తాళంచెవి నా మొలతాడుకే ఉంది. లేచి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆరోజు వందయాభై కార్డులు పూర్తిచేయాలని లెక్క పెట్టుకున్నాను. లేవలేదు.

అవి సగం అయ్యేసరికి ఆదివారం వచ్చింది. అతను పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చి, బల్ల మీద పరిచిన కార్డులను చూస్తూ నిలబడ్డాడు.

"ఏం జేస్తుండారయ్యోరా?"

"నంబర్లు మారుస్తున్నా. జిల్లా ఆర్డరు."

అతను వంగి, అయిపోయిన కట్టలోంచి ఒక కార్డు తీశాడు. పెదవులు కదుపుతూ చదివాడు. తర్వాత దాన్ని దగ్గరికి, దూరానికి పెట్టి చూశాడు.

"అడుగున మా మాట లేదే?"

"కార్డుల మీద అలాంటివి ఉండకూడదట. రిజిస్టర్లో ఉంటుంది."

"ఉంటాదా?"

"ఉంటుంది."

"మీరు చూసినారా?"

అప్పుడైనా లేవొచ్చు. అతని ఎదుట లేచి, బీరువా తెరిచి, చూసి, లేదని తెలుసుకుని, మిగిలిన సగం కార్డులను అలాగే ఉంచొచ్చు. కానీ పాలెం మనిషి అడిగితే నేను లేచి రుజువు చూపించడమేమిటన్న పొగరొకటి ఎక్కడో ఉంది. అది అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు బాగా తెలుసు.

"చూశాను," అన్నాను.

"అట్టయితే సరే," అని కార్డు జాగ్రత్తగా కట్ట మీద పెట్టాడు. "నురుగు పెంకులు సరిపొయినాయా? ఇంకా కావాల్నంటే తెస్తా." ఇంకాస్త తెమ్మన్నాను. తెచ్చాడు.

ఇన్‌స్పెక్టరు చెప్పిన రోజుకే వచ్చాడు. చాదస్తపు మనిషేమో అనుకున్నాను కానీ మెత్తటివాడే. సొరుగులు లాగి చూసి, జిల్లాలో ఇంత శుభ్రంగా ఎక్కడా చేయలేదన్నాడు. నాకు నేల మీద కాలు ఆనలేదు. తర్వాత ఎవరు ఏ పుస్తకం తీసుకుపోయారో రాసే ఎరువుల పుస్తకం తిరగేశాడు. పాలెం సభ్యులు ముప్పై ఒక్కమందికీ జామీను కాగితాలు ఏవని అడిగాడు. అక్కర్లేదని, వాళ్ళ షరతు సంగతి చెప్పాను.

"మంచిదే. ఎక్కడుంది ఆ షరతు?"

రిజిస్టరు తీశాను. పాలెం పుస్తకాలు ఏడెనిమిది పేజీల నిండా ఉన్నాయి. మొదటి దాని ఎదురుగా "పాలెం విరాళం" అని ఉంది. దాని కిందంతా అదే మాటకు బదులుగా పెట్టే రెండేసి చుక్కలు, అన్ని పేజీల పొడవునా. షరతు మాట లేదు. ఆ పేజీల వెనకా చూశాను, ముందూ చూశాను. పెద్దయ్యోరు చెప్పింది చెప్పినట్టే చేశాడు. తాళం వేసే పుస్తకంలో రాయకుండా అందరికీ కనపడే చోట రాశాడు.

"కార్డుల మీద ఉండేది సార్," అన్నాను.

"అయితే ఒక్క కార్డు చూపించు. ఒక్కటి చాలు. నా రిపోర్టులో నేనే రాసిస్తా, ఇక ఎవరూ అడగరు."

ఆరోజు మధ్యాహ్నమంతా నేను సొరుగులు వెతికాను. ఎక్కడో ఒక్క కార్డు నా కన్నుగప్పి ఉంటుందని, రెండు కార్డులు అతుక్కుపోయి ఒకటి మిగిలిపోయి ఉంటుందని, నా జన్మలో మొదటిసారి నా పనిలో ఒక తప్పు కోసం దేవుళ్ళకు మొక్కుకుంటూ వెతికాను. ఒక్కటీ లేదు. అంత బాగా చేశాను. చివరికి ఒక కార్డును కిటికీ వెలుతురుకు పట్టి ఇన్‌స్పెక్టరుకు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"ఇక్కడ ఏదో ఉండేదని తెలుస్తోంది. ఏముండేదో తెలియడం లేదు," అన్నాడు. కార్డు నాకిచ్చేశాడు. "కొత్త జామీన్లు తీసుకో. అంతవరకూ పాలెంవాళ్ళకు పుస్తకాలు ఇవ్వొద్దు. నన్నేం చేయమంటావు?" నిజంగానే ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

ఆ సంగతి నేనే చెప్పాలి. ఆదివారం దాకా ఎదురుచూశాను, పాలెం పోయి చెప్పవచ్చునన్న ఆలోచన వచ్చినా అణుచుకున్నాను. అతను వచ్చి, చేతిలో పుస్తకం బల్ల మీద పెట్టకముందే అంతా గబగబా చెప్పేశాను. రిజిస్టర్లో లేదని కూడా చెప్పాను. అతను మొదట అర్థం కానట్టు చూశాడు.

"మీరు చూసినారని చెప్పినారే?"

"చూడలేదు."

తిట్టి ఉంటే తల దించుకుని పడేవాణ్ణి. బల్ల మీద బ్లేడు ఉంది, నురుగు పెంకులు ఉన్నాయి. అతను వాటినే చూస్తున్నాడు. అవి ఎందుకు తెప్పించుకున్నానో అతనికి అప్పుడు అర్థమైంది. నాకు వాటిని బల్ల మీంచి తోసేయాలనిపించింది.

"మా నాన్న చేత జామీను పెట్టిస్తాను," అన్నాను. "నీకొక్కడికైనా."

"మా బుక్కుకి మీ నాయన జామీనా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆ పొద్దు నేను వల లాగినానయ్యోరా. ఈ చేతుల్తోనే. బుట్టలు మోసినా. అది నాది అనడానికి ఇంకొకడు సంతకం బెట్టాల్నా?"

"ఆర్డరు అలా ఉంది."

"ఆర్డరు ఇప్పుడొచ్చింది. మా మాట ముందు నించీ ఉండె గదా."

అతను పెద్దలకు చెప్పి వస్తానని వెళ్ళాడు. ఈలోగా ఊళ్ళో సంగతి పొక్కింది. ఒక ఆసామి, ముగ్గురికి జామీను పెడతాను గానీ పుస్తకం పోతే వాళ్ళ వల నాది అన్నాడట, నవ్వుతూనే. ఆ మాట పాలెం చేరింది. పాలెం పెద్దలు కూర్చుని మళ్ళీ కట్టడి చేశారు: ఊళ్ళో ఎవరినీ జామీను అడగరాదు, గ్రంథాలయం మెట్టు ఎక్కరాదు. పాలెంలో కట్టడి అంటే కట్టడే. మీరినవాడి పడవ ఎవరూ నెట్టరు.

ఇంటి దగ్గరున్న చివరి పుస్తకం ఇవ్వడానికి అతను మరొక్కసారి వచ్చాడు. మెట్టు ఎక్కలేదు, వాకిట్లో నిలబడి పిలిచాడు. నేనే బయటికి పోయాను. పుస్తకానికి కొత్త కాగితం అట్ట వేసి తెచ్చాడు.

"ఇది ఇంకా పూర్తి కాలేదు," అన్నాడు. "మా అత్త కడాకు ఏమైందని అడగతానే ఉండాది."

"ఉంచుకో. నేను రాసుకోను. ఎవరికీ తెలియదు."

అది సాయం అనుకునే అన్నాను. అతని ముఖం చూశాక తెలిసింది, అంతకంటే పెద్ద అవమానం ఇంకోటి లేదని.

"మా దాన్ని మేం దొంగతనంగా దాచుకోవాల్నా?" అని పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ కథ చివర ఏమవుతుందో నాకు తెలుసు. కేకేసి చెప్పి ఉండొచ్చు, మేనత్తకైనా చెప్పేవాడు. పుస్తకం పట్టుకుని లోపలికి వచ్చేశాను.

రెండు నెలలకు నా పోస్టు ఖాయమైందని ఆర్డరు వచ్చింది. కేటలాగు పని మెచ్చుకుంటూ ఇన్‌స్పెక్టరు రాసిన మాట అందులో ఎత్తి రాశారు. మా అమ్మ ఊరంతా బెల్లం పంచింది. ఆ ఏడే నా పెళ్ళి జరిగింది.

నేనేమీ చేయలేదని కాదు, చేసినవేవీ పనికి రాలేదు. జిల్లా ఆఫీసుకు మూడుసార్లు రాశాను. మొదటిదానికి నిబంధన ఫలానా అని జవాబు వచ్చింది, రెండోదానికి మొదటి జవాబు చూసుకోమని వచ్చింది, మూడోదానికి ఏమీ రాలేదు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు ఎర్రసిరా తీసి, ఒక కార్డు మీద ఆ మాటే మళ్ళీ రాశాను. నురుగు రుద్దిన కాగితం మీద సిరా చక్కగా నిలిచింది. కానీ అది నా రాత. ఎవడు చూసినా నా రాతే అంటాడు. పెద్దయ్యోరి దస్తూరీ అనుకరించడానికి ఇంకో రెండు కార్డులు పాడుచేశాక, నేను చేస్తున్నది ఏమిటో నాకే అసహ్యమేసి మూడూ చించేశాను. పెద్దయ్యోరి మాట విన్న సాక్షులు పాలెంలో ముప్పైమంది ఉన్నారు. వాళ్ళు చెబితే చెల్లదని, కాగితం చెబితేనే చెల్లుతుందని అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను.

పాలెం పుస్తకాలు బీరువాలో ఉండిపోయాయి. మా ఊరివాళ్ళు వాటి జోలికి పెద్దగా పోలేదు. మూడేళ్ళ తర్వాత, ఎవరూ తీసుకోని పుస్తకాలను వేరే శాఖలకు పంపమని ఆర్డరు వచ్చింది. ఎరువుల పుస్తకం చూసి జాబితా వేశాను. జాబితాలో దాదాపు అన్నీ అవే. గోతాల్లో కట్టి నాయుడుపేట వైపు ఏదో శాఖకు వెళ్ళే లారీ ఎక్కించాను. కడ్డీలు లాగి కార్డులు కట్టలు కట్టి తీసేశాను. అప్పటికి అలాంటి పని నేను కళ్ళు మూసుకుని చేయగలను.

ఇంకో రెండేళ్ళకు సభ్యుల జాబితా శుభ్రం చేయమన్నారు. జామీను ఇవ్వనివారి పేర్లు కొట్టేసి, ఆ సంగతి వాళ్ళకు పోస్టుకార్డు మీద తెలపాలి. పాలెం వాళ్ళవి ముప్పై ఒక్క కార్డులు. ముందు అన్నిటి మీదా చిరునామాలు, తర్వాత అన్నిటి మీదా విషయం, చివర అన్నిటి మీదా సంతకం. ఒక పూటలో అయిపోయింది. అతని పేరు ఎప్పుడు రాశానో కూడా గుర్తులేదు.

ఆ వారమే నెల్లూరు పోవడానికి విడవలూరులో బస్సు కోసం నిలబడి ఉంటే అతను కనపడ్డాడు. అయిదారేళ్ళయింది చూసి. తల నెరిసింది. నన్ను గుర్తుపట్టి, కాస్త తటపటాయించి దగ్గరికి వచ్చాడు. తలగుడ్డ మడతలోంచి ఒక పోస్టుకార్డు తీశాడు.

"అయ్యోరా, దీన్ని కాస్త చదివి పెట్టండి. ఊళ్ళో ఎవుర్నీ అడగబుద్ది గాక ఇంత దూరం వచ్చినా."

"నువ్వు చదవగలవు కదా," అన్నాను. చేయి చాచలేకపోయాను.

"ఏం చదవడం. వొక్కో అక్షరం తెలస్తాది, కలిపేతలికి పోతాది. చదవక శానా దినాలైపొయ్యె." తప్పు చేసినవాడిలా నవ్వాడు. "నైలాను వలలు ఇప్పిస్తామంటే గవుర్మెంటుకి అర్జీ పెట్టుకోనుండాం. మొన్న ముప్పై వొక్క కార్డులు వొక్కసారే వచ్చినాయి పాలేనికి. ఇంకేముంది, వలలు వచ్చినాయని ఆడోళ్ళు అమ్మోరికి పొంగలి గూడా పెట్టేసినారు. నేనే చెప్పినా, ఉండండి, యాడికి వచ్చి తీసకపొమ్మన్నారో చదివిచ్చుకోనొస్తానని."

కార్డు తీసుకుని చదివాను. జామీను పత్రం దాఖలు చేయనందున తమ సభ్యత్వం రద్దు చేయడమైనదని, రెండే వాక్యాలు. అతను తల వంచి శ్రద్ధగా విన్నాడు. పందిరి కింద అతను చదువుతుంటే వాళ్ళంతా అలాగే వినేవారేమో.

"వలల సంగతి?"

"లేదు."

"ముప్పై వొక్కటిలోనూ ఇదేనా? వొకదాంట్లో గూడా వేరే మాట ఉండదా?"

"ఉండదు. అన్నీ నేనే రాశాను."

అతను కార్డు తీసుకుని మడత పెట్టి మళ్ళీ తలగుడ్డలో దోపుకున్నాడు. "మీరు రాసినారంటే తప్పు బోదులే," అన్నాడు. ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని నేను అతని ముఖంలోకి చూశాను. లేదు. అతను అప్పటికే పొంగలి పెట్టిన ఆడవాళ్ళకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.